పొగాకు పన్ను – పొగత్రాగువాని లెక్క



ఛత్తీసుగఢములోని బిలాసపురమున వ్యాపార్ విహార్ అను టోకు బజారు ఇచ్చటి తెలుగువారందఱకును పరిచితమైనదే. ధాన్యములు, పప్పులు, నూనెలు, కిరాణా దినుసులు లారీలనుండి దిగి, హమాలీల వీపులమీదుగా గోదాములు చేరి, అచ్చటినుండి చుట్టుపట్ల పల్లెలకును, రైల్వే కాలనీల చిల్లర దుకాణములకును పంపకమగు చోటది. ఏటేట కేంద్రప్రభుత్వపు బడ్జెటు దినము సమీపించుచుండగా, సరుకు ఎంత నిలువచేయవలెనో, ఎంత ముందుగా తెప్పించుకొనవలెనో లెక్కలు వేసికొను వర్తకులనోట ఇట్టి బజారులలో ఒక ప్రశ్న తప్పక వినవచ్చును: ఈ పర్యాయము సిగరెట్టుపై పన్ను ఎంత పెరుగును? వర్తకునికది లాభనష్టముల ప్రశ్న. ఆ ప్రశ్నను ఆనుకొనియే మనకందఱకును సంబంధించిన వేఱొక ప్రశ్న కలదు: పన్ను పెరిగి, దానితోపాటు వెల పెరిగినచో, పొగత్రాగువారు నిజముగా తగ్గుదురా? నేటి ప్రసంగమున నేను విచారింపదలచినది ఈ రెండవ ప్రశ్నను.

ఈ విషయమున లోకమున రెండభిప్రాయములు కలవు. అలవాటుపడినవాడు అన్నమైనను మానునుగాని పొగ మానడనియు, కావున పన్ను హెచ్చించుట వాని జేబు ఖాళీచేయుటకేగాని వాని గుండెను కాపాడుటకు కాదనియు కొందఱు వాదింతురు. వెల హెచ్చినకొలది వాడుక తరుగుట సర్వవస్తువులకును సామాన్యధర్మమైయుండగా పొగాకుమాత్రమేల అందులకు వెలియై యుండునని మఱికొందఱు ప్రతివాదము చేయుదురు. ఈ రెండింటను సగపాలు సత్యము కలదు. మిగిలిన సగపాలు ఎచ్చట నున్నదో తెలిసికొనవలెనన్నచో అర్థశాస్త్రమును కొంతయు, మన బజారును కొంతయు పరిశీలింపవలసియున్నది.

వెలలో కలుగు మార్పునకు గిరాకి ఎంతమాత్రము చలించునో ఆ చలనమును మన పాఠ్యగ్రంథములు డిమాండ్ వ్యాకోచత్వమని వ్యవహరించుచున్నవి. ఉప్పు వెల రెట్టింపైనను కూరలో వేయు ఉప్పు తగ్గదు. మామిడిపండ్ల వెల రెట్టింపైనచో బుట్టలతో కొనువాడు డజనుతో సరిపెట్టుకొనును. పొగాకు ఈ రెండింటికిని నడుమ నున్న వస్తువు. 1999లో ప్రపంచబ్యాంకు ప్రకటించిన నివేదిక, వెల నూటికి పది వంతున హెచ్చినచో వాడుక సంపన్నదేశములలో నూటికి నాలుగు వంతునను, అల్పాదాయ, మధ్యాదాయ దేశములలో నూటికి ఎనిమిది వంతునను తగ్గునని అంచనా వేసినది. తరువాతి పరిశోధకులలో పెక్కురు ఈ రెండవ సంఖ్యను కొంత తగ్గించిరేకాని, వెల హెచ్చిన వాడుక తగ్గునన్న మూలసూత్రమును త్రోసిపుచ్చినవారు కారు.

ఈ సూత్రము ఖజానాకెట్లు అనుకూలించునో చిన్న లెక్కతో చూడవచ్చును. సిగరెట్టొక్కటి పది రూపాయలనియు, అందు సగము పన్ననియు అనుకొందము. నూఱు సిగరెట్టులు అమ్ముడుపోయినచో ప్రభుత్వమునకు వచ్చునది ఐదువందల రూపాయలు. ఇపుడు పన్ను ఒక్క రూపాయి హెచ్చి వెల పదునొకండైనది; నాలుగు సిగరెట్టులు తగ్గి తొంబదియాఱు అమ్ముడైనవి. ప్రభుత్వమునకు చేరినది ఐదువందల డెబ్బదియాఱు. వాడుక తగ్గినది, రాబడి పెరిగినది. ఒక్క బాణమున రెండు పక్షులు పడినట్లున్నది గనుకనే ఏ పక్షమునకు చెందిన ఆర్థికమంత్రియైనను ఈ వస్తువుపై పన్ను వేయుటకు వెనుదీయడు. అయితే ఈ లెక్కలో చెప్పక విడిచిన మాట యొకటి కలదు. తగ్గిన ఆ నాలుగు సిగరెట్టులు ఎచ్చటికి పోయినవి? వానిని కాల్చవలసినవాడు పూర్తిగా మానివేసెనా, లేక వేఱొక రూపమున పొగాకునే ఆశ్రయించెనా? పన్ను ఫలించినదో లేదో నిర్ణయించునది ఆ జవాబే.

పన్నుతో పొగాకును అణచవలెనన్న తలంపు క్రొత్తది కాదు. ఇంగ్లండును పాలించిన మొదటి జేమ్సు రాజు 1604లో పొగాకును నిందించుచు స్వయముగా ఒక గ్రంథము వ్రాసి, ఆ యేటనే పౌనుకు రెండు పెన్నీలుగా నున్న దిగుమతి సుంకమును ఆఱు షిల్లింగుల పది పెన్నీలకు, అనగా నలుబదియొక్క రెట్లకు, హెచ్చించెను. ప్రజలు పొగ మానలేదు, దొంగసరుకు పెరిగినది, కొన్ని యేండ్లలోనే రాజు సుంకమును దించవలసివచ్చెను. ఆ పిమ్మట నూటడెబ్బది యేండ్లకు ఆడమ్ స్మిత్ పండితుడు తన 1776 నాటి మహాగ్రంథమున, చక్కెర, రమ్ము, పొగాకు ఈ మూడును ఎచ్చటను జీవనావసరములు కాకున్నను దాదాపు సర్వజనులును వాడుచుండుటచే పన్నునకు మిక్కిలి తగిన వస్తువులని నిర్ణయించెను. అతడు చూచినది రాబడిని. రాజు చూచినది దురలవాటును. నేటి ప్రభుత్వములకు ఆ రెండు చూపులును కావలసియున్నవి.

మనదేశమున రెండవ ప్రపంచయుద్ధపు ఖర్చులు మీదపడిన వేళ, 1943లో, పొగాకుపై కేంద్ర ఎక్సైజు సుంకము ప్రవేశించినది. పొలములో పండి బారనులో ఆరిన ఆకుమీదనే సుంకము వేయు ఆ పద్ధతి గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులకు చిరకాలము తెలిసినదే. అది 1979లో తొలగిపోగా, సుంకభారమంతయు కర్మాగారమునుండి వెలువడు సరుకుమీదికి మఱలినది. అటుపిమ్మట 1987లో సిగరెట్టు సుంకమును వెలనుబట్టికాక పొడవునుబట్టి నిర్ణయించు పద్ధతి వచ్చినది. వేయి సిగరెట్టులకు ఇన్ని రూపాయలు. పొట్టివానికి తక్కువ, పొడవువానికి ఎక్కువ. దూదికొన, అనగా ఫిల్టరు, లేనివానికి తక్కువ, ఉన్నవానికి ఎక్కువ.

ఈ కొలబద్ద చేసిన విచిత్రములు వినదగినవి. హైదరాబాదున 1930లో స్థాపితమైన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీవారి చార్మినార్ సిగరెట్టును ఎఱుగని తెలుగువాడు ఆనాడు అరుదు. దూదికొన లేక పొట్టిగా, ఘాటుగా నుండి, కార్మికునిచేతను గుమాస్తాచేతను నలిగిన ఆ పెట్టె దశాబ్దములు వెలిగినది. 2008 నాటి బడ్జెటులో, అఱువది మిల్లీమీటరులకు మించని దూదికొనలేని సిగరెట్టులపై వేయింటికి 168 రూపాయలుగా నున్న సుంకము ఒక్క పెట్టున 819 రూపాయలైనది. దూదికొన గలదానికిని లేనిదానికిని తేడా తొలగిపోయిన వెంటనే దూదికొనలేని సిగరెట్టులు అంగళ్లనుండి దాదాపు అదృశ్యమైనవి. త్రాగువారు అదృశ్యమైరా? కాలేదు. కొందఱు దూదికొన గలదానికిని, కొందఱు బీడీకిని మఱలిరి. 2012లో అఱువదియైదు మిల్లీమీటరుల లోపు దూదికొన సిగరెట్టులకు ప్రత్యేకముగా తక్కువ సుంకపు తరగతి నొకదానిని ఏర్పఱచిరి. వెంటనే కంపెనీలవారు అఱువదినాలుగు మిల్లీమీటరుల సిగరెట్టును సిద్ధముచేసి బజారునకు పంపిరి. సుంకపు గీతకు ఒక్క మిల్లీమీటరు క్రిందుగా కోయబడిన ఆ సిగరెట్టు, ప్రభుత్వము గీచిన ప్రతి గీతయు వ్యాపారికి ఒక ద్వారమగునని చాటినది. తరగతులెన్ని యున్నవో త్రాగువాడు మానక మెట్టు దిగుటకు అన్ని మార్గములున్నట్లు.

ఇక మనవారి సంగతి. పార్వతీపురముమీదుగా విజయనగరము–రాయపూరు మార్గము 1931లో పూర్తియైనది. బెంగాల్ నాగపూరు రైల్వే కొలువులను వెదకుకొనుచు శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములనుండి వచ్చి ఈ బిలాసపురమున స్థిరపడిన కుటుంబములు మూడు నాలుగు తరములుగా ఇచ్చట నున్నవి. ఆ తొలితరమువారి మూటలలో గోంగూర గింజలతోపాటు చుట్టలును వచ్చినవి. శ్రీకాకుళపు ముసలమ్మలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చు అడ్డపొగ అలవాటును, దానివలన అంగిటికి కలుగు పుండ్లను, పుట్టకురుపులను విశాఖపట్టణపు వైద్యులు గత శతాబ్దమున విస్తరముగ పరిశోధించిరి. గుంటూరు సమీపమున గత శతాబ్దముననే వర్జీనియా పొగాకు సాగు మొదలైనది. రాజమహేంద్రవరమున 1947లో కేంద్ర పొగాకు పరిశోధనసంస్థ నెలకొన్నది. 1976 జనవరి 1న గుంటూరు కేంద్రముగా పొగాకు బోర్డు ఏర్పడినది. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల, సిద్దిపేటలలో వేలాది స్త్రీలు ఒడిలో చేట పెట్టుకొని బీడీలు చుట్టుచు కుటుంబములను పోషించుచున్నారు. పండించువారు మనవారు, చుట్టువారు మనవారు, కాల్చువారును మనవారే. కావున పొగాకు పన్నును గూర్చిన చర్చ తెలుగువానికి పరులయింటి చర్చ కానేరదు.

ఇపుడొక పాన్ ఠేలా ముందు కొంతసేపు నిలిచి చూతము. చెక్కపెట్టె యంతటి అంగడి. పైన వరుసలుగా వ్రేలాడు పొట్లములు. ప్రక్కను కట్టిన కొబ్బరిత్రాటి కొన నిరంతరము రాజుచుండును, అగ్గిపుల్ల ఖర్చు లేకుండ అందఱును అందు అంటించుకొనుటకు. పెట్టెడు సిగరెట్టులు కొనువాడు అరుదు. బస్తాలు మోసి చెమట తుడుచుకొనుచు వచ్చిన హమాలీ ఒక్క సిగరెట్టు అడుగును. దుకాణపు గుమాస్తా రెండడుగును. కాలేజీ కుఱ్ఱవాడు ఒక్కటి కొని ఇద్దఱు స్నేహితులతో పంచుకొనును. పెట్టె పైని ముద్రితవెలకు ఇచ్చట విలువ లేదు. విడిసిగరెట్టు వెల అంగడివాని నోటనుండునది, అదియును చిల్లర వెదకులాట లేకుండ నిండు రూపాయలలో నుండునది. పన్ను పైసలలో పెరిగినను ఇచ్చట వెల రూపాయిలో ఎగయును, లేదా కొంతకాలము ఎగయక నిలుచును. 2016 ఏప్రిల్ మొదటి తేదీనుండి పెట్టెకిరువైపుల నూటికి ఎనుబదియైదు వంతుల మేర అచ్చగుచున్న భయంకరచిత్రము సైతము విడిసిగరెట్టు కొనువాని కంటబడదు.

సిగరెట్టు వెల రూపాయి పెరిగిన దినమున ఈ అంగడియొద్ద జరుగునది గమనింపుడు. గుమాస్తా గొణిగికొనుచు రెండింటికి బదులు ఒకటి కొనును. ఇది పన్నునకు లభించిన నిజమైన జయము. కాలేజీ కుఱ్ఱవాడు, అలవాటింకను ఎముకకు పట్టనివాడు, చేతిఖర్చు చాలక ఆగిపోవచ్చును. ఇది ఇంకను పెద్ద జయము, ఏలయన యౌవనమున అంటుకొనని అలవాటు పెద్దయైన పిమ్మట అంటుకొనుట అరుదు. హమాలీ మాత్రము చేయి సిగరెట్టు పెట్టెమీదనుండి బీడీకట్టమీదికి జరిపి, "కట్ట ఇయ్యన్నా" అనును. ప్రక్కనున్నవాడు ఖైనీ పొట్లము తీసికొనును. ఇంటిలోని ఆడువారు ఛత్తీసుగఢమునందు ఇంటింటను కానవచ్చు గుడాకూను, అనగా బెల్లపుమడ్డితో కలిపి ముద్దచేసిన పొగాకును, ఎప్పటివలెనే పండ్లకు రుద్దుకొనుచుందురు. సిగరెట్టు వెలతో వారికేమియు పని లేదు. మనము వెదకుచున్న ఆ నాలుగు సిగరెట్టులలో కొన్ని నిజముగా మాసిపోయినవి, కొన్ని బీడీలైనవి.

బీడీ సిగరెట్టుకంటె మేలైనదన్న భ్రమ మనలో బలముగా నున్నది. వైద్యులు ఆ మాటను అంగీకరింపరు. బీడీ మాటిమాటికి ఆరిపోవుచుండుటచే దానిని గట్టిగా, తఱచుగా పీల్చవలసివచ్చును. లోనికి పోవు విషమేమియు తక్కువ కాదు. అయినను పన్ను విషయమున బీడీ ఎల్లప్పుడును గారాబుబిడ్డయే. ఏటికి ఇరువదిలక్షల బీడీలకు మించని ఉత్పత్తిదారులు ఎక్సైజు సుంకమునుండి చిరకాలము మినహాయింపు పొందిరి. 2017 జూలై 1న జీఎస్టీ అమలైనప్పుడు సిగరెట్టుపై నూటికి ఇరువదియెనిమిది వంతుల పన్నును, ఆపైన పరిహారసెస్సును విధింపగా, బీడీకి సెస్సు లేకుండెను. 2026 ఫిబ్రవరి 1నుండి సిగరెట్టుపై జీఎస్టీ నలుబది వంతులై, దానికితోడు వేయింటికి పొడవునుబట్టి 2,050 నుండి 8,500 రూపాయలవరకు ఎక్సైజు సుంకము వచ్చినది. అదే దినమున బీడీపై పన్ను ఇరువదియెనిమిదినుండి పదునెనిమిదికి దిగినది. అనగా నూఱు రూపాయల బీడీలలో ఇంచుమించు ఇరువదిరెండు రూపాయలుగా నున్న పన్ను పదునైదైనది. చిల్లరవెలలో నూటికి డెబ్బదియైదు వంతులు పన్నుండవలెనని ప్రపంచారోగ్యసంస్థ సూచించినను, మన దేశమున సిగరెట్టు మెట్టు పైకి పోవుచుండగా బీడీ మెట్టు క్రిందికి జరిగినది. హమాలీ చేయి ఎటు జరుగునో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కఱలేదు.

ఇది నిష్కారణమైనది కాదు. ఈ రాష్ట్రపు అడవులలో వేసవిలో తునికాకు, ఇచ్చటివారు తేందూపత్తా అనునది, కోతకు వచ్చినప్పుడు లక్షల కుటుంబములు తెల్లవాఱకమునుపే అడవికేగి, ఏబదేసి ఆకుల కట్టలు కట్టుదురు. వేయి కట్టలైనచో ఒక ప్రామాణిక సంచి. దానికి సేకరణదారునకు ముట్టు రేటు 2024లో 4,000 నుండి 5,500 రూపాయలకు హెచ్చినది. హరితస్వర్ణమని పేరువడసిన ఈ ఆకును తెలంగాణమున చుట్టునది పేదస్త్రీ. బీడీపై పన్ను వేసినచో వీరి నోటిముద్ద పోవునన్న భయము ప్రతి సభలోను వినిపించును. భయము నిజమే, కాని దానికి మందు బీడీని చవుకగా నుంచుట కాదు. బీడీకార్మికుల సంక్షేమనిధి కొఱకు 1976లో చట్టమొకటి వచ్చినది. ఆ నిధికి ఆధారమైన సెస్సు జీఎస్టీ రాకతో 2017లో రద్దైనది. పన్ను పెంచి, ఆ రాబడినుండియే వేఱొక వృత్తికి తోవ చూపుట న్యాయము. చుట్టువారి కూలి తక్కువైయుండుటయు, కాల్చువారి ఊపిరితిత్తులు చెడుటయు ఆధారముగా నిలిచిన చవుకదనమును పేదలపాలిటి దయ యనుట పొరపాటు.

పేదలపై భారమను వాదమునకును ఇదియే జవాబు. వెల పెరిగినప్పుడు ఎక్కువగా తగ్గించుకొనువాడు పేదవాడే. ధనవంతుడు అంతగా తగ్గించుకొనడు. కావున పన్ను ధనవంతునివద్ద ధనరూపమునను, పేదవానివద్ద ఆరోగ్యరూపమునను ఫలించును. మానలేనివానిపైమాత్రము భారము పడుట నిశ్చయము. వానికి మాన్పించు వైద్యసహాయము ఉచితముగ అందించుట ప్రభుత్వపు ఋణము. 2017–18 సంవత్సరమున మనదేశమునకు పొగాకువలన కలిగిన వ్యాధి, మరణముల నష్టము 1,77,341 కోట్ల రూపాయలని ఒక పరిశోధనలో లెక్క తేలినది. పొగాకు ఎక్సైజు రాబడి నూఱు రూపాయలైనచో నష్టము 816 రూపాయలని అదే పరిశోధన తేల్చినది. ఖజానాకు బంగారుగ్రుడ్డు పెట్టు బాతని పొగాకును గారవించువారు ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనవలెను.

మఱొక సంగతి. వెల పెరిగినదని చెప్పునప్పుడు కూలి ఎంత పెరిగినదో అడుగవలెను. హమాలీ దినకూలి ఏటేట హెచ్చుచుండగా సిగరెట్టు సెస్సు 2017 జూలైనుండి ఏండ్ల తరబడి అట్లే నిలిచినది. నడుమ 2020లోను, 2023లోను జాతీయ విపత్తునిధి కొఱకు సిగరెట్టుపై వేయు సుంకమును హెచ్చించుటయే జరిగిన మార్పు. కూలి పరుగెత్తుచుండగా పన్ను నిలిచినచో వస్తువు కాగితముమీద ఖరీదైనట్లుండియు చేతికి చవుకైనదే యగును. అందుచే ఏండ్లకొకసారి ఒక్క దెబ్బ కొట్టుటకంటె ఆదాయముతోపాటు ఏటేట క్రమముగ హెచ్చు పన్నే మేలు. ఫిలిప్పీన్సు దేశము 2012లో చట్టముచేసి, చవుక సిగరెట్టులకును ఖరీదు సిగరెట్టులకును నడుమనున్న తరగతులను 2017 నాటికి తొలగించి ఒక్కటే పన్ను అమలుపఱచినది. అచ్చట పొగాకు వాడు వయోజనులు 2009లో నూటికి 29.7 మంది యుండగా 2015 నాటికి 23.8 మందికి తగ్గిరి. దొంగసరుకు భయము జేమ్సు రాజు కాలమునుండియు ఉన్నదే. అది పన్ను తగ్గింపుమని కాదు, సరిహద్దులను, గోదాములను గట్టిగా కాయుమని చెప్పుచున్నది.

రెండు సర్వేల ప్రకారము మన దేశమున పొగాకు వాడు వయోజనులు 2009–10లో నూటికి 34.6 మంది, 2016–17లో 28.6 మంది. ఈ ఛత్తీసుగఢములోనే 53.2 నుండి 39.1కి తగ్గిరి. ఆంధ్రప్రదేశమున ఇరువదిమంది యుండగా ఇచ్చట దాదాపు దానికి రెట్టింపు. ఆ రెండవ సర్వేలోనే మఱొక సంఖ్య కలదు: దేశమున సిగరెట్టు కాల్చువారు నూటికి నలుగురు, బీడీ కాల్చువారు ఏడెనిమిదిమంది, పొగలేని పొగాకును నమలువారు, రుద్దుకొనువారు ఇరువదియొక్కరు. బడ్జెటు దినమున మన చర్చ అంతయు ఆ నలుగురిచుట్టే తిరుగుచున్నది.

కావున వెల పెంచిన వాడుక తగ్గునా అను ప్రశ్నకు నా సమాధానము ఇది: తగ్గును, ప్రక్కద్వారము మూసియుంచినచో. సిగరెట్టు పొడవును మిల్లీమీటరులతో కొలిచి పన్ను వేయు ప్రభుత్వము, బీడీకట్టను, ఖైనీ పొట్లమును, గుడాకూ డబ్బీని అదే దృష్టితో చూచినప్పుడు, కూలితోపాటు పన్నును నడిపించినప్పుడు, విడిసిగరెట్టు అమ్మకమును అరికట్టినప్పుడు, పన్ను నిజముగా మందగును. అంతవఱకు అది త్రాగువానిని ఒక మెట్టు దించి మఱొక మెట్టుమీద కూర్చుండబెట్టుచునే యుండును. ఇంటిలో ఈ అలవాటు గలవారు రాబోవు బడ్జెటుకొఱకు కనిపెట్టుకొని యుండనక్కఱలేదు. నెలకు పొగాకుమీద పోవుచున్న రూకలను ఒక్కసారి కాగితముమీద వ్రాసికొనిచూచినను చాలును.